గీతకు పైన రెండు వేళ్లు

ఆదివారం ఉదయం స్టోరమ్మ బియ్యం డ్రమ్ము మూత తీసింది. అరచేత్తో పైన సమం చేసి, లోపలి గోడ మీద తను పెయింటుతో గీసుకున్న గీతల వైపు చూసింది. వారానికో గీత. ఆదివారానికల్లా బియ్యం ఆ వారం గీత దాకా దిగాలి. ఆ వారం గీత కనపడలేదు. చేత్తో బియ్యం పక్కకు నెట్టి చూస్తే వాటి కింద ఉంది. గీతకు పైన రెండు వేళ్ల మందాన బియ్యం మిగిలాయి.

ఆమె అసలు పేరు ఇంట్లో ఎవరూ వాడరు. సబ్బుల ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు ఉద్యోగం. పెళ్లయిన కొత్తలో మావగారు సరదాగా స్టోరమ్మా అని పిలిచారు. అదే అతుక్కుపోయింది. ఇప్పుడు కూతురు కూడా కోపమొస్తే అలాగే పిలుస్తుంది.

ఇంటికి ఉన్నవి రెండు గదులూ ఒక వంటిల్లూ. వంటింటి పక్కన, చీపుర్లు పెట్టుకోమని కట్టించిన ఇరుకు జాగాను ఆమె ఎప్పుడో ఆక్రమించింది. ఇంట్లోవాళ్లు దాన్ని గోడౌన్ అంటారు. బియ్యం, పిండి, గింజలు, ఉప్పు, నూనె, సబ్బులు, కొవ్వొత్తులు, మందులు. ఫ్యాక్టరీలో పద్ధతే ఇక్కడా. ముందొచ్చిన సరుకు ముందు వాడాలి, కొత్తది వెనక్కి పోవాలి. దానివల్ల ఆ ఇంట్లో ఎప్పుడూ పాత బియ్యమే ఉడుకుతాయి. "నేను పుట్టాక కొన్న బియ్యం వంతు ఇంకా రాలేదు" అని కూతురు స్నేహితురాళ్లతో చెప్పి నవ్విస్తుంటుంది.

ఇది ఆమెకు ఊరికే పట్టుకున్న పిచ్చి కాదు. కూతురు ఉయ్యాల్లో ఉన్నప్పుడు పెద్ద గాలివాన వచ్చి వారం రోజులు కరెంటూ నీళ్లూ లేవు. కొట్లు మూసేశారు. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క కొవ్వొత్తి. అదీ పుట్టినరోజు కేకు మీద పెట్టే వేలెడంత కొవ్వొత్తి. ఆ వారం గడిచాక ఆమె గోడౌన్ మొదలుపెట్టింది. తర్వాత చీకటి ఆదివారం కూడా. నెలకొక ఆదివారం పొద్దున్నే మెయిన్ స్విచ్ దించేస్తుంది, నీళ్ల పైపు కట్టేస్తుంది. దీపాలు పెట్టేవేళ దాకా ఎవరూ కొట్టుకు పోకూడదు. గోడౌన్‌లో ఉన్నదే తినాలి, బిందెల్లో ఉన్నదే తాగాలి. స్విచ్ దించేముందు తలుపు వెనక కొక్కేలకు వేలాడే నాలుగు సంచులూ తీసి తనిఖీ చేస్తుంది. ఉన్నపళంగా ఇల్లు వదలాల్సివస్తే ఎవరి సంచి వాళ్లు భుజానికి తగిలించుకుని నాలుగంతస్తులు దిగాలి.

"పక్కింటివాళ్లు ఆదివారం పార్కుకెళ్తారు. మనం అంధకారంలోకి వెళ్తాం" అనేవాడు ఆమె భర్త. అతను పార్సిల్ వ్యాను నడుపుతాడు. పోయిన నెల కంపెనీ అతనికి వారంలో మూడు రోజులే పని ఉంటుందని చెప్పింది. అప్పట్నుంచీ ఆ జోకు వెయ్యడం మానేశాడు. ఒకరోజు తనే గోడౌన్ తలుపు తీసి, అరల వంక చూసి, "పర్లేదోయ్, బాగానే కూడబెట్టావు" అన్నాడు. ఆమెకు ఆ మాట పదిసార్లు చెప్పించుకోవాలనిపించింది గానీ, "అరలో చెయ్యి పెట్టకండి, వరస చెడుతుంది" అని ఊరుకుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర కూతురు అడిగింది. "అమ్మా, నాన్నకు పని మొత్తం పోతే గోడౌన్ ఎన్నాళ్లొస్తుంది?"

"నీ నోట్లో మన్ను పొయ్య" అన్నాడు తండ్రి.

"నలుగురికి మూడు నెలలు" అంది స్టోరమ్మ, కూర వడ్డిస్తూ.

"ముగ్గురికైతే?"

"నాలుగు."

అది వట్టి భాగహారం. పిల్ల అడిగింది, తల్లి చెప్పింది. ఆమెకు రోజంతా చేసే పని అదే. ఇన్ని డబ్బాలు ఇన్ని మిషన్లకు ఎన్నాళ్లు అని ఎవరడిగినా టక్కున చెబుతుంది. మావగారు మంచినీళ్లు తాగి, కంచం తీసుకుని లేచారు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారమే బియ్యం మిగిలాయి.

తగ్గి ఉంటే ఆమె పెద్దగా పట్టించుకునేది కాదు. ఎవరో చుట్టాలొచ్చారనో, పిల్ల రెండోసారి వడ్డించుకుందనో అనుకునేది. మిగలడం వేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మిషను బెల్టులు లెక్కకన్నా నాలుగు ఎక్కువ తేలితే ఆమె సంతోషించి పెద్ద స్టోర్ కీపరుకు చూపించింది. ఆయన కళ్లజోడు తీసి, "సరుకు మిగిలిందంటే ఎక్కడో ఎవరికో అందలేదన్నమాట. పోయి చూడు" అన్నారు. వెళ్లి చూస్తే కటింగ్ మిషను అరిగిపోయిన బెల్టుతోనే తిరుగుతోంది. ఫిట్టరు మార్చలేదు. ఇంకో రెండు రోజులు అలాగే తిరిగితే అది తెగి ఎవరి మొహానికి తగిలేదో.

అందుకని ఆ వారమంతా ఆమె కంచాలు గమనించింది. భర్త ఎప్పటిలాగే తింటున్నాడు. కూతురు తిట్టుకుంటూ తింటోంది. మావగారు మాత్రం అందరికన్నా ముందు కూర్చుని, గరిటెడన్నం పెట్టుకుని, మిగతావాళ్లు కూర్చునేలోగా లేచి తన కంచం తనే కడిగేస్తున్నారు.

"అదేంటి మావయ్యా, అప్పుడే అయిపోయిందా?"

"సాయంత్రం టీ ఎక్కువైందమ్మా. ఆకలి చచ్చింది."

టీపొడి డబ్బా కూడా చూసింది. అదీ మిగిలే ఉంది.

మావగారు సినిమా హాల్లో ప్రొజెక్టరు ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. అత్తగారు పోయినప్పట్నుంచి ఇక్కడే ఉంటున్నారు. ఆయన చిన్నకొడుకు వేరే ఊళ్లో ఉంటాడు. పోయిన నెల వాళ్లు ఇల్లు మారుతుంటే సాయానికెళ్లి పదిరోజులుండి వచ్చారు. తిరిగొచ్చి, "చిన్నోడిల్లు అగ్గిపెట్టెలా ఉంది. పడుకుంటే కాళ్లు బయట పెట్టుకోవాలి" అన్నారు. మళ్లీ వెళతానని ఎప్పుడూ అనలేదు.

మరుసటి ఆదివారం చీకటి ఆదివారం. పొద్దున్నే ఆమె సంచులు దించింది. భర్త సంచిలో టార్చికి బ్యాటరీలు లేవు.

"టీవీ రిమోటుకు వేశాను" అన్నాడు అతను.

"తుఫానొస్తే రిమోటు పట్టుకుని దిగండి."

కూతురి సంచిలో పొడి బట్టలకు బదులు లిప్‌స్టిక్కు, అద్దం, దువ్వెన దొరికాయి.

"శరణార్థుల శిబిరంలో కూడా మనుషులే ఉంటారు కదమ్మా" అంది కూతురు.

మావగారి సంచి పట్టుకోగానే బరువు తేడా తెలిసింది. ఎప్పుడూ ఉండేవి ఒక చొక్కా, టార్చి, విజిలు, బీపీ మాత్రలు. ఇప్పుడు చొక్కాలన్నీ ఉన్నాయి. గడ్డం గీసుకునే సామాను, రెండో కళ్లజోడు, ఆయన స్టీలు గ్లాసు ఉన్నాయి. అన్నిటికీ అడుగున, తువ్వాల్లో చుట్టి, ప్రొజెక్టరు లెన్సు. హాలు మూసేసినరోజు యజమాని జ్ఞాపకంగా ఇచ్చిన లెన్సు అది. ముందుగది అరలో ఎప్పుడూ అద్దాల వెనకే ఉంటుంది. పోయిన నెల వెళ్లినప్పుడు కూడా ఆయన దాన్ని ఇక్కడే వదిలి వెళ్లారు.

ఆమె తువ్వాలు మళ్లీ చుట్టి, చొక్కాలు పైన సర్ది, జిప్పు లాగింది.

"బరువెక్కువైందా అమ్మా?" అన్నారు మావగారు, ఆమె మొహం చూడకుండా.

"సరిగ్గానే ఉంది మావయ్యా" అని సంచి కొక్కేనికి తగిలించి, వెళ్లి స్విచ్ దించింది.

పొద్దున బాగానే గడిచింది. కిరోసిన్ స్టవ్వు మీద గింజలు ఉడికించింది. భర్త బిందెలు మోసి నడుం పట్టుకున్నాడు. కూతురు ఆయింటుమెంటు వెతికి, దాని గడువు తేదీ చదివి, ఇది నా ఈడుదేనంది. చీకటి ఆదివారాల్లో భోజనాలయ్యాక మావగారు కర్టెన్లు మూయించి సినిమా మొదలుపెట్టేవారు. తను వేసిన సినిమాల్లో ఒకటి, పేర్లు పడే దగ్గర్నుంచి చివరి రీలు దాకా, గుర్రాలతో, తుపాకులతో, హీరోయిన్ ఏడుపుతో సహా నోటితో వేసేవారు. ఓసారి హాల్లో రీళ్లు తారుమారై, హీరో మొదట చచ్చిపోయి తర్వాత పెళ్లి చేసుకుంటే జనం చప్పట్లు కొట్టి వెళ్లిన సంగతి ఇంట్లోవాళ్లు ఎన్నిసార్లు విన్నా మళ్లీ అడిగేవారు.

ఆరోజు ఆయన కర్టెన్లు మూయమనలేదు.

"రేపు చిన్నోడి దగ్గరికి వెళ్తానురా" అన్నారు కొడుకుతో. "కొన్నాళ్లు అక్కడుంటాను."

"మొన్నేగా వచ్చావు నాన్నా. అగ్గిపెట్టె అన్నావు."

"అలవాటవుతుందిలే. నీకూ పని తగ్గింది. ఇంట్లో ఒక మనిషి తగ్గితే..." అని ఆగి, "మీకూ కాస్త చోటుంటుంది" అని ముగించారు.

భర్త ఆమె వంక చూశాడు. అతనికి ఏమీ అర్థం కాలేదు. ఆమె చెయ్యి తుడుచుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. ఉండండి మావయ్యా అంటే, ఆయన ఉంటారు. ఉండి, గరిటెడన్నమే తింటారు. అది ఆమెకు తెలుసు.

"ఏమే" అని కూతుర్ని పిలిచింది. "ఆ రోజు లెక్కడిగావు కదా. ముగ్గురికి గోడౌన్ ఎన్నాళ్లన్నాను?"

"నాలుగు నెలలు."

"పోయిన నెల చీకటి ఆదివారం ఎంతమందిమి?"

"ముగ్గురం. తాతయ్య బాబాయి వాళ్లింట్లో ఉన్నాడు."

"ఎంతసేపున్నామో చెప్పు."

కూతురు తండ్రి వంక చూసి నవ్వాపుకుంది. "చెప్పకూడదనుకున్నాం కదా."

"ఏం చెప్పకూడదు?" అన్నారు మావగారు. "బాగా జరిగిందన్నారే."

"ఎక్కడ జరిగింది తాతయ్యా? పొద్దున్నే నాన్న ఫోను నేను వాడేశానని పోట్లాట."

"నా చార్జింగంతా పాటలకి తగలేసింది నాన్నా" అన్నాడు భర్త.

"నువ్వు ఫ్రిజ్ తలుపు తీసి చూస్తూ కూర్చోలేదూ? నేను అమ్మకు చెప్తే అమ్మ నన్నే తిట్టింది. గింజలు మాడిపోయాయి. నాన్న అలిగి మెట్ల మీద కూర్చున్నాడు. భోజనం కూడా అవలేదు, మెయిన్ వేసేశారు."

"ఎవరు?"

"నేనే" అంది స్టోరమ్మ.

మావగారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. ఇన్నేళ్లలో ఆ స్విచ్ మీద వేళ కాకముందు ఎవరైనా చెయ్యి వెయ్యబోతే ఆమె ఎలా చూసేదో ఆయనకు తెలుసు.

"నువ్వా?"

"నేనే మావయ్యా. కాబట్టి ఆ రోజు నేను చెప్పిన లెక్క తప్పు. నలుగురమైతే మూడు నెలలు. ముగ్గురమైతే ఒక పూట. అదీ పూర్తిగా కాదు."



"ఇంకోటి" అంది ఆమె. "బియ్యం రెండు వేళ్లు మిగిలాయి."

ఆయన కిటికీ వైపు చూశారు. "దొరికిపోయానన్నమాట."

"నా ఉద్యోగమే అది."

ఇప్పుడు భర్తకు అర్థమైంది. "ఏంటి నాన్నా ఇది, చిన్నపిల్లాడిలా" అన్నాడు.

"నువ్వూరుకోరా" అని, ఆయన కోడలి వైపు తిరిగారు. "మీ స్టోర్ పద్ధతి ప్రకారం చూసినా, ముందొచ్చినదాన్నే కదమ్మా ముందు పంపించాలి. ఈ ఇంట్లో అందరికన్నా పాత సరుకు నేనే."

"అది సరుక్కి మావయ్యా. మా స్టోర్‌లో తూకం మిషను ఒకటుంది. నేను చేరకముందు నుంచీ అక్కడే ఉంది. దాన్ని ఎవరికీ ఇష్యూ చెయ్యం. అది బయటికి పోతే స్టోర్ నడవదు."



"తూకం మిషను అన్నం తినదు కదా" అన్నారు మావగారు.

"నూనె తాగుతుంది. నెలనెలా నేనే పోస్తాను."

కూతురు లేచి ఎవరూ చెప్పకుండానే కర్టెన్లు లాగేసింది. గది మసకబారింది. "తాతయ్యా, రీళ్లు తారుమారైంది కాదు, ఇంకోటి. మేం విననిది."

"మీరు విననిది ఎక్కడుందే నా దగ్గర" అంటూనే ఆయన గొంతు సవరించుకున్నారు. సగం రీలు నడిచాక ఆపి, "అమ్మా, గింజలేమైనా మిగిలాయా? ఈ సీన్లో హీరో భోజనం చేస్తాడు" అన్నారు. ఆమె గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. హీరో చాలాసేపు భోజనం చేశాడు. విలన్ వచ్చి వాకిట్లో నిలబడి ఎదురుచూడాల్సి వచ్చింది.

దీపాలు పెట్టేవేళకు ఆమె స్విచ్ వెయ్యబోతే, "క్లైమాక్స్ అయ్యేదాకా ఆగవోయ్" అన్నాడు భర్త. ఆగింది.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీకి బయల్దేరుతూ అర వైపు చూసింది. లెన్సు అద్దాల వెనక ఉంది. తలుపు వెనక సంచిని చేత్తో ఎత్తి చూసింది. ఒక చొక్కా, టార్చి, విజిలు, మాత్రల బరువు. పనున్న రోజు కావడంతో భర్త వ్యాను తాళాలు వెతుక్కుంటున్నాడు. రిమోటులోంచి బ్యాటరీలు తీసి టార్చిలో వేశానని, అందుకని టీవీ రాదని, తనను ఎవరూ అనొద్దని అందరికీ చెప్పాడు.

తర్వాతి ఆదివారం ఆమె డ్రమ్ము మూత తీసి, అరచేత్తో బియ్యం సమం చేసింది. గీత బయటపడింది. బియ్యం దానికి వేలెడు కిందికి దిగాయి. ఫ్యాక్టరీలో అయితే సంజాయిషీ రాసివ్వాల్సి వచ్చేది. ఆమె మూత పెట్టి, మధ్యాహ్నానికి ఎన్ని గ్లాసులు పొయ్యాలో మావగారినే అడగడానికి వెళ్లింది.