ముక్కు పెట్టకూడని మొక్క

ఇటు జరుగు తల్లీ, ఆ కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కో. మధ్యలో లేవకు, నువ్వు లేస్తే నాకు కథ తెగిపోతుంది. ఇది మన మెట్ల వీధి కథే, నువ్వు పుట్టకముందుది. లిస్బన్‌లో ఎన్ని మారినా మన అల్ఫామా పేటలో ఈ మెట్లు మారలేదు కాబట్టి, నేను చెబుతుంటే నీకు కళ్ళకు కట్టినట్టే ఉంటుంది.

దోనా ఎర్మెలిందా అని ఉండేది. అరవై ఒక్క చెక్క మెట్లు ఎక్కితే మూడో అంతస్తులో ఆమె ఇల్లు. భర్త రేవులో ఓడల సరుకు దించే పని చేసి చేసి పోయాడు, పిల్లలు లేరు. నది కనిపించే గదిని యాత్రికులకు ఇచ్చేది. వచ్చేవాళ్ళు వచ్చారు, పోయేవాళ్ళు పోయారు, ఒక్కరి పేరూ ఆమె నాలుక మీద నిలవలేదు. నిలిచింది గున్వోర్ ఒక్కతే.

గున్వోర్ నార్వే దేశపు మనిషి. ఓ రేవులో పడవ మీద దాటే జనానికి జీవితమంతా టికెట్లు కోసి, ఆ ఉద్యోగం విరమించిన మనిషి. పునీత అంతోని పండుగకు వారం ముందు, జూన్ మొదట్లో, గడ్డి టోపీ పెట్టుకుని దిగేది. పదకొండేళ్ళు తప్పకుండా దిగింది. మన భాష ముక్కలు ముక్కలుగా నేర్చుకుంది. పొద్దున్నే వంటింట్లో ఎర్మెలిందా ఎదురుగా కూర్చుని, కాఫీలో రొట్టె ముంచుకుని తినేది. ఇద్దరికీ మాటలు తక్కువే. నాకు ఒకసారి ఎర్మెలిందా చెప్పింది, ఆ వారం రోజులూ ఇంట్లో రెండో కప్పు కడుగుతుంటే చేతులకు పండుగలా ఉంటుందని.

ఎక్కడ దిగాలి, ఏం చూడాలి అన్న బెంగ గున్వోర్‌కి లేకుండా ఎర్మెలిందాయే చూసుకుంది. దిగడం నది గదిలో. చూడాల్సినవన్నీ బీరువా తలుపుకు గుచ్చిన కాగితం మీద. తనకు రాత సరిగా రాదు కనుక మూల మీది బొగ్గుల కొట్టు అదెలీనుగారి చేత రాయించింది. ఆదివారం పునీత అంతోని పుట్టిన చోట కట్టిన గుడి. సోమవారం పునీత స్తెఫాను గుడి అరుగు మీద నుంచి నది. మంగళవారం పాత సామాన్ల సంత, అదీ మన వైపున్న అంగళ్ళు మాత్రమే. బుధవారం బట్టలుతికే రేవు. గురువారం ఊటబావి దగ్గర కూర్చోవడం. శుక్రవారం గుమ్మం ముందు సార్డీన్ చేపలు కాల్చుకోవడం. శనివారం పండుగ ఊరేగింపు జట్టు ఆటపాటల సాధన చూడటం. ఎర్మెలిందా లెక్కలో నగరానికి తూర్పున అల్ఫామా మొదలు, పడమట అల్ఫామా ఆఖరు. మధ్యలో ఉన్నదంతా రాజధాని. ఆ కాగితంలో ఒక్క గీత దాటకుండా గున్వోర్ పదకొండేళ్ళు అవే చూసింది.

పన్నెండో ఏడు మార్చి నెలలో ఒక కార్డు వచ్చింది. ఎర్మెలిందా దాన్ని అదెలీనుగారి కొట్టుకు తీసుకెళ్ళింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ఒకసారి లోపల చదువుకుని, "ముందు కూర్చోండి దోనా ఎర్మెలిందా," అన్నాడు.

"కూర్చుంటే లేవడం కష్టం. చదవండి."

"'ఈ ఏడు నేలకు దగ్గరగా ఉన్న ఇంట్లో దిగుతాను. దోనా జుల్మీరా గది ఇస్తానంది. కారణం వచ్చాక నా నోటితో చెప్తాను. కోపం పెట్టుకోవద్దు.' అంతే. కింద చేప బొమ్మ వేసింది."

"చేప బొమ్మ నాకెందుకు?"

"నాకు మాత్రం ఎందుకు? ఉన్నది చెప్పాను."

"నేలకు దగ్గరగా ఏముంది అదెలీనుగారూ? బొద్దింకలున్నాయి."

"జుల్మీరా ఇంట్లో బొద్దింకలు లేవండీ. నేను చూశాను, అద్దంలా ఉంచుతుంది."

"మీరు ఆ ఇంట్లోకి ఎందుకు వెళ్ళారు?" అంది ఎర్మెలిందా. కార్డు లాక్కుని, ఆయన జవాబు వినకుండానే వెళ్ళిపోయింది.

జుల్మీరా ఎవరంటావా? మన మెట్ల వీధి మలుపు దగ్గర, నేల అంతస్తు ఇంటి ఆవిడ. ఎర్మెలిందా కంటే పదేళ్ళు చిన్న. పుట్టింది మద్రగోవా పేటలో. మన పేటకూ వాళ్ళ పేటకూ పండుగ ఊరేగింపులో పోటీ ఏనాటిదో నీకు తెలుసు. పాట వాళ్ళది గొప్పా మనది గొప్పా అని జూన్ అంతా పళ్ళు నూరుకోవడమే. జుల్మీరా పెళ్ళయి మన మెట్ల మీదకు వచ్చి ఇరవై ఆరేళ్ళయినా ఎర్మెలిందాకు ఆమె ఇంకా 'ఆ మద్రగోవా మనిషే'. పదకొండేళ్ళ అతిథిని ఆ మనిషి ఎగరేసుకుపోయింది. ఇంకెవరైనా అయితే కడుపు ఇంత మండేది కాదేమో.

జూన్ అయిదున గున్వోర్ వచ్చింది. ఎర్మెలిందా కిటికీ తలుపు సగం మూసి, ఆ సందులోంచి చూసింది. మూడో అంతస్తు నుంచి చూస్తే మనుషులెవరూ కనబడరు, టోపీలు కనబడతాయి. గడ్డి టోపీ ఒకటి మెల్లగా మెట్లెక్కింది. మలుపు దగ్గర ఆగింది. లోపలికి వెళ్ళిపోయింది. తల పైకెత్తి ఒక్కసారి చూడను కూడా లేదు. ఎత్తే వీలు ఆమెకు ఉందా లేదా అని ఎర్మెలిందా ఆలోచించలేదు.

కాసేపటికి తలుపు చప్పుడైంది. జుల్మీరా, ఆయాసపడుతూ.

"దోనా ఎర్మెలిందా, అమ్మగారు కింద కూర్చున్నారు. మీరొక్కసారి దిగి రావాలట."

"నా ఇంటి దారి ఆవిడకు తెలుసు. పదకొండేళ్ళు ఎక్కింది."

"అదే చెప్పడానికి వచ్చాను. ఆవిడకు..."

"నువ్వేం చెప్పినా నాకు చెప్పకు. గాలి వస్తోంది, తలుపేస్తున్నాను."

"మండుటెండలో గాలెక్కడిదండీ?"

"నువ్వు తెచ్చావు," అని తలుపేసింది.

ఆ వారం ఎర్మెలిందా పడిన పాటు ఎవరూ పడకూడదు. నది గదిలో మంచం మీద మంచి దుప్పట్లు పరిచింది. పడుకునే మనిషి లేకపోయినా పొద్దున తీసి దులిపి మళ్ళీ పరిచింది. కాఫీకి రెండు కప్పులు దింపి ఒకటి మళ్ళీ లోపల పెట్టింది. కిటికీ సందు దగ్గర స్టూలు వేసుకుని గడ్డి టోపీ ఎటు పోతోందో చూసింది. కాగితం ప్రకారం ఆదివారం గుడి వైపు, అంటే కుడికి తిరగాలి. టోపీ ఎడమకు తిరిగింది. ట్రామ్ బండి వైపు.

సాయంత్రం బొగ్గులు అక్కర్లేకపోయినా బొగ్గుల కొట్టుకు వెళ్ళింది.

"ఎక్కడికి వెళ్ళిందట ఆవిడ?" అంది, ఎవరో గురించి అడిగినట్టు.

"ఎవరు, మీ నార్వే అమ్మగారా?"

"నా నార్వే ఏంటి? నేను కొనుక్కున్నానా?"

"బెలెం వెళ్ళారట. నది ఒడ్డు బురుజు చూశారట. గుడ్డు క్రీము పెట్టిన అప్పాలు తిన్నారట, మూడు. నిన్న ఎస్త్రెలా తోట. రేపు..." అదెలీనుగారు ఆమె ముఖం చూసి మాట మింగాడు.

"రేపు ఎక్కడికి?"

"వద్దులెండి."

"మద్రగోవాకా?"

ఆయన బొగ్గులు తూకం వేయడంలో మునిగిపోయాడు.

ఇంటికొచ్చి బీరువా తలుపు మీది కాగితం ముందు నిలబడింది. చదవలేదు గానీ ఏ వరసలో ఏముందో తెలుసు. ఆ కాగితంలో లేని బురుజు తానెప్పుడూ చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది. తోటా చూడలేదు. చూడనిదాన్ని రాయించలేదు, అంతే. ఇప్పుడు ఆ మద్రగోవా మనిషి లోకమంతా చూపిస్తోంది.

మర్నాడు జుల్మీరా కిటికీ గట్టు మీద మంజెరికు కుండీ కనబడింది. గుప్పెడంత గుండ్రంగా, తులసికి చెల్లెల్లా ఉండే మొక్క. పండుగకు కావలసిన వాళ్ళకు ఇచ్చుకుంటాం కదా, కాగితం పువ్వు గుచ్చి, చిన్న జెండా మీద రెండు ముక్కల పద్యం రాసి. కింది కుండీకి జెండా ఉంది గానీ చుట్టి దారం కట్టేసి ఉంది. గున్వోర్ జుల్మీరాకి ఇచ్చిందని ఎర్మెలిందా తేల్చేసుకుంది. పదకొండేళ్ళలో తనకు ఉన్ని మేజోళ్ళు ఇచ్చింది, జున్ను ఇచ్చింది, మంజెరికు ఇవ్వలేదు. ఇచ్చే అవకాశమే లేదులే. మొదటి ఏడే గున్వోర్ ఎవరిదో కుండీ మీదకు వంగబోతే ఎర్మెలిందా భుజం పట్టి వెనక్కు లాగింది. "ముక్కు పెట్టకూడదు తల్లీ, వాడిపోతుంది. అరచేయి ఆకుల మీద ఆనించు, ఆ చేయి వాసన చూడు," అని నేర్పింది. అప్పటినుంచి ఆవిడకు ఆ మొక్కంటే భయం.

తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం. జుల్మీరా చేపల అంగడికి వెళ్ళింది, గడ్డి టోపీ ట్రామ్ ఎక్కింది. వీధంతా తలుపులు మూసుకుని కునుకు తీస్తోంది. ఎర్మెలిందా చెప్పులు చేత్తో పట్టుకుని అరవై ఒక్క మెట్లు దిగింది. కిటికీ గట్టు ముందు నిలబడి పైకీ కిందికీ చూసింది. వంగి, ముక్కు మొత్తం ఆ మొక్కలోకి దించి, గుండెల నిండా మూడుసార్లు పీల్చింది.

ఎంత బాగుందో, అని తరవాత నాతో ఒప్పుకుంది. అరవై ఎనిమిదేళ్ళు చేతి వాసన చూసిన ముక్కది.

పైకొచ్చి ఆ మధ్యాహ్నం హాయిగా నిద్రపోయింది. మర్నాడు పైనుంచి చూస్తే మొక్క ఒక పక్క పసుపు తిరిగింది. సంతోషం వేసింది. ఆ మర్నాడు ఇంకొంచెం వాలింది. ఆ రోజు సంతోషం వెతుక్కోవాల్సి వచ్చింది. అది ఎండకు వాడిందో ముక్కుకు వాడిందో నన్నడగకు, నాకు తెలియదు.

పదమూడో తారీఖు, పునీతుడి రోజు. ప్రతి కిటికీకీ ఊరేగింపు కోసం మంచి దుప్పట్లు వేలాడదీశారు. ఎర్మెలిందా కిటికీ ఒక్కటే మూసి ఉంది. పూజకు వెళ్ళక తప్పదు కదా, నల్ల శాలువా కప్పుకుని దిగింది. మలుపు దగ్గర గున్వోర్ కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో ఆ కుండీ. కుర్చీకి ఆనించి చేతికర్ర. మోకాలికి గుడ్డ కట్టు, లావుగా. పైనుంచి టోపీ తప్ప ఏమీ కనిపించని ఎర్మెలిందాకి అది మొదటిసారి కనిపించింది.

"దోనా ఎర్మెలిందా," అంది గున్వోర్, లేవబోయి లేవలేక. "మీరు దిగితే ఇద్దామని. మీకే. కానీ నేను చంపేశాను. ఎప్పుడో మరిచిపోయి ముక్కు పెట్టి ఉంటాను. నాకు గుర్తులేదు. మీరు ఎన్నిసార్లు చెప్పారు నాకు."

ఎర్మెలిందా గుడి వైపు ఒక అడుగు వేసి ఆగింది. ఊరుకుంటే సరిపోతుంది. నేరం తనంతట తాను వేరే తల మీదకెక్కి కూర్చుంది. జుల్మీరా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. గున్వోర్ ఎండిన ఆకులు ఒక్కొక్కటే ఏరుతోంది, తనది కాని తప్పుకు చెవుల దాకా ఎర్రబడి.

"నువ్వు కాదు," అంది ఎర్మెలిందా. "ముక్కు నాది."

గున్వోర్‌కి అర్థం కాలేదు. ఎర్మెలిందా తన ముక్కు వేలితో చూపించింది, కుండీ చూపించింది, మూడు వేళ్ళు చూపించింది. "దీనిదనుకున్నాను. అందుకే," అని జుల్మీరా వైపు గడ్డం ఎత్తింది.

"నాకు తెలుసు," అంది జుల్మీరా. "పర్సు మరిచిపోయి వెనక్కొచ్చాను ఆ రోజు. మీరు వంగి ఉన్నారు."

"చూసి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదా?"

"చెప్తే ఏమొస్తుంది? చెప్పులు చేత్తో పట్టుకుని మరీ దిగారు. జాలేసింది."

ఎర్మెలిందాకి సిగ్గేసింది. అంతలోనే కడుపులో ఇంకో చోట మంట లేచింది. మంచితనం కూడా ఆ మద్రగోవా మనిషికే పోయింది, చూడు.

గున్వోర్ ముందు నోరు తెరిచింది, తరవాత నవ్వింది, టోపీ జారేంత నవ్వింది. నవ్వాక జెండా దారం విప్పి ఇచ్చింది. జుల్మీరా చదివింది:

'నీ కిటికీ లోంచి నదిని చూశా పదకొండేళ్ళు,
నది మీంచి నీ కిటికీని చూడాలి ఈసారి.'

"పడవెక్కి," అంది గున్వోర్. "ఎప్పుడూ అనుకునేదాన్ని. మీ కాగితంలో లేదు. అడిగితే బాధపడతారని అడగలేదు. బురుజు, తోట, అవన్నీ ఊరికే చూశాను. పడవ మాత్రం మీరు లేకుండా ఎక్కలేదు."

పూజ అయ్యాక రేవుకు వెళ్ళారు ఇద్దరూ, ఒక చేయి కర్ర మీద, ఒక చేయి ఎర్మెలిందా భుజం మీద. ఎర్మెలిందా చిన్నప్పుడు తండ్రితో ఒక్కసారి ఎక్కిన పడవ. టికెట్లు కోసే అమ్మాయిని గున్వోర్ చాలాసేపు చూసింది. పడవ నది మధ్యకు వచ్చాక అల్ఫామా గుట్ట మీద కిటికీలు గవ్వలంత అయ్యాయి. ఎర్మెలిందా ఎంత వెతికినా తనది కనబడలేదు. ఇంత చిన్నదా నా ఇల్లు, అనుకుంది. అన్నీ ఒకేలా ఉన్నాయి.

"అదిగో," అంది గున్వోర్.

తెరిచిన కిటికీ. దానికి వేలాడుతూ మండే పసుపు దుప్పటి. వీధి మొత్తంలో అలాంటిది ఒక్కరికే ఉంది. ఎర్మెలిందా తాళంచెవి పూజకు వెళ్ళేటప్పుడు ఎప్పటిలాగే గడప పక్కన కుండీ కింద పెట్టింది. జుల్మీరా అరవై ఒక్క మెట్లెక్కి, మూసిన కిటికీ తెరిచి, తన పెళ్ళి దుప్పటి పరిచింది.

"ఎంత బాగుందో," అంది గున్వోర్.

"బాగుంది," అంది ఎర్మెలిందా. "రంగే కొంచెం మద్రగోవా."

మరుసటి ఏడు నుంచి గున్వోర్ పడక జుల్మీరా ఇంట్లో, కాఫీ మాత్రం ఎర్మెలిందా ఫ్లాస్కులో కింద దాకా తెచ్చేది. కాగితం బీరువా నుంచి ఊడదీసి జుల్మీరా గది గోడకు కొట్టారు. ఎనిమిదో వరుస అదెలీనుగారి చేత రాయించారు: పడవ, ఎర్మెలిందాతో. మద్రగోవా మాత్రం ఎర్మెలిందా రాయనివ్వలేదు. అక్కడికి జుల్మీరా నోటిమాట మీద తీసుకెళ్ళేది.

ఇది గుర్తుపెట్టుకో తల్లీ. రేపు నీ పిల్లలకు చెప్పు. చెప్పేటప్పుడు జుల్మీరా మంచిదని చెప్పు, అది నిజమే. కానీ ముందు ఎర్మెలిందా పేరు చెప్పు. వెనక చెప్పావని తెలిస్తే ఆవిడ ఆ పైలోకంలో కూడా ఊరుకోదు.