వెర్లిన్ నేర్పిన కూత

సెప్టెంబరు నడిమికి వచ్చిందంటే మోంటానా కొండల్లో ఎల్క్ దుప్పులకు మదమెక్కుతుంది. వాటికంటే ముందు వేటగాళ్ళకు ఎక్కుతుంది. దుప్పులకైతే నెల తిరిగేసరికి దిగిపోతుంది, వెర్లిన్ హాగెన్‌కు మాత్రం పన్నెండు నెలలూ అదే ధ్యాస. అంగిట్లో రబ్బరు బిళ్ళ ఇరికించుకుని, నోటికి గొట్టం ఆనించి, అచ్చం సవాలు విసిరే పోతుదుప్పిలా కూయడంలో ఆ జిల్లాకి అతనే ఛాంపియన్. గెలిచిన కప్పులు ముందుగదిలో బారులు తీరి ఉన్నాయి. దుప్పి మాంసం మాత్రం ఆ గడప దాటి లోపలికొచ్చి రెండేళ్ళయింది.

శుక్రవారం పొద్దున అతని భార్య మార్నా ఫ్రీజర్ మూత ఎత్తి పట్టుకుంది.

"ఇలా రా మహానుభావా. ఇందులో ఏముందో చెప్పు."

"ఏముంది, ఐసు."

"చలికాలమంతా ఐసు కూర వండనా? ఆదివారం దాకా చూస్తా. ఆలోపు దుప్పిని తెచ్చావా, సరే. లేదంటే ఆర్లోకి ఫోన్ చేసి అర ఆవు పంపమంటా."

ఆర్లోది పక్క పశువుల క్షేత్రం. ఇరవై ఆరేళ్ళ కిందట మార్నా కోసం వెర్లిన్‌తో పోటీపడి ఓడిపోయి, ఆ తర్వాత ఎవర్నీ చేసుకోకుండా ఉండిపోయిన మనిషి. వాడు పంపిన మాంసం తిని బతకడం కంటే ఐసు కూరే నయమనిపించింది.

"ఈ ఏడాది దుప్పులు కూయట్లేదే! కూస్తేనే కదా ఎక్కడున్నాయో తెలిసేది?"

"ఏం, వాటికీ గొంతు పట్టేసిందా?"

దుప్పులు ఎందుకు నోరు మూసుకున్నాయన్నది ఊరంతటికీ పెద్ద చర్చే. ఎండలు ముదిరాయని కొందరు, వెన్నెల ఎక్కువైందని కొందరు. వెర్లిన్ తోడేళ్ళ మీదకు నెట్టేశాడు. ఏటా చలికాలంలో, మంగళవారం మంగళవారం, చర్చి కింది హాల్లో క్లాసు పెట్టి ఊళ్ళో సగం మందికి కూత నేర్పింది తానేనన్న సంగతి మాత్రం ఆ చర్చల్లో అతనికి ఒక్కసారీ తట్టలేదు.

శనివారం తెల్లారేసరికి విల్లు తగిలించుకుని కొండెక్కి, గొంతెత్తి కూశాడు. ఎక్కడా చప్పుడు లేదు. మళ్ళీ కూశాడు. ఈసారి అవతలి గట్టు మీంచి జవాబొచ్చింది! గట్టి కూత, చివర మూడు దగ్గులు, ఆ వెనక చిన్న ఎక్కిలి. వెర్లిన్ ఒళ్ళు పులకరించింది. ఎంత తీరైన గొంతు! ఇంత చక్కగా ముగించే దుప్పిని అతను జన్మలో వినలేదు. అతను కూస్తే అది కూసింది, అతను తిడితే అది ఎదురు తిట్టింది. గంటన్నరసేపు బురదలో, ముళ్ళలో పొట్ట మీద పాక్కుంటూ పోయాడు. ఆదివారం భోజనం కళ్ళ ముందు కనబడుతూనే ఉంది.

ఎదురుగా పొద కదిలింది. అందులోంచి పచ్చరంగు పూసుకున్న మొహమొకటి బయటకొచ్చింది. చర్చి పాస్టర్ ఎంగెన్!

"నువ్వా వెర్లిన్! ఇంకొంచెముంటే బాణం వదిలేసేవాణ్ణి నాయనా!"

"పాస్టర్ గారూ, ఆ చివర ఎక్కిలి..."

"నువ్వు నేర్పిందే కదయ్యా! కుదిరిందా?"

"కుదరడమా? పొట్ట తోలు ఊడేలా పాకించారు!"

"నా మోకాళ్ళు చూడు మరి. ముప్పై ఏళ్ళ ప్రార్థనలో ఇంత అరగలేదు."

ఇంతలో పై గట్టు మీంచి ఇంకో కూత వినబడింది. మూడు దగ్గులు, ఎక్కిలి.

"పోస్టాఫీసు గ్లోరియా," అన్నాడు పాస్టర్, చెవి రిక్కించి. కుడివైపు నుంచి మరొకటి. "అది మీ బావమరిది. వాడికి దగ్గులు రెండే వస్తాయి, పాపం."

కొండ కొండంతా వెర్లిన్ గొంతుతోనే మోగిపోతోంది. ఆ హోరులో నిజం దుప్పి అన్నది ఒక్కటీ కూయలేదు. తోడేళ్ళను తిట్టిన నోరు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

సిగ్గుతో కిందికి దిగుతుంటే, వాగు ఒడ్డున కనబడింది పోతుదుప్పి. పది పన్నెండు ఆడదుప్పులు దాని చుట్టూ మేస్తున్నాయి. పైనుంచి గ్లోరియా కూత వినబడుతూనే ఉంది. అది తలెత్తి చూడనైనా చూడలేదు, సవాలుకు జవాబివ్వలేదు. కొమ్ములతో ఒక్కో ఆడదాన్నీ మెల్లగా అదిలిస్తూ చెట్లలోకి తోలుకుపోతోంది. బాణానికి అందేంత దూరమే. ఒక్క క్షణం ఆగితే చాలు. ఆపడానికి నాలిక చివర చిన్న చప్పుడు చేసినా సరిపోయేది. కానీ ఛాంపియన్‌కు చిన్న చప్పుడు నామోషీ కదా! దగ్గులతో, ఎక్కిలితో సహా నిండు కూత కూశాడు. రెప్పపాటులో వాగు ఒడ్డు ఖాళీ అయింది.

ఆదివారం మధ్యాహ్నం ఆర్లో తనే స్వయంగా ట్రక్కులో మాంసం తెచ్చాడు. తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"ఏరా వెర్లిన్, కప్పులు వండుకోవడం కుదర్లేదా?" అని పకపకా నవ్వాడు. "మార్నా, నీకోసం మెత్తటి ముక్కలు వేరే కట్టించాను. నువ్వేం మారలేదు సుమా! ఆ రోజుల్లో నాతో డాన్సు చేసినప్పుడు ఎలా ఉన్నావో అలాగే ఉన్నావు."

మార్నా నవ్వింది. ఆ నవ్వులో సంతోషం ఉందని వెర్లిన్‌కు తెలిసింది. తను చివరిసారి ఆమెకు ఇలాంటి మాట ఎప్పుడు చెప్పాడో ఎంత వెతికినా దొరకలేదు. మామూలుగా అయితే ఆర్లో ఒకటంటే తను పది అనేవాడు. ఇవాళ మార్నా వైపు చూశాడు. పోయేదేమీ లేనివాడే అంత గట్టిగా కూస్తాడనీ, కాపాడుకోవాల్సింది ఉంది కనకే వాగు ఒడ్డున దుప్పి తలెత్తలేదనీ, రెండూ ఒక్కసారే అర్థమయ్యాయి.

"మార్నా, కోటు వేసుకో," అన్నాడు మెల్లగా. "మీ చెల్లెలింటికి పోదాం."

"ఇప్పుడా? ఆరేళ్ళుగా మొత్తుకుంటే రానివాడివి!"

ఆమె వీపు మీద చెయ్యేసి బండి వైపు నడిపించాడు. ఆర్లో మాంసం మూట పట్టుకుని వరండాలో నిలబడిపోయాడు.

"ఏరా, ఒక్క మాటైనా అనవేంట్రా?"

వెర్లిన్ బండి తీశాడు. ఆర్లో క్షేత్రం కంచె దాటేదాకా మార్నా అతని వైపే చూస్తూ కూర్చుంది.

"నిజం చెప్పు వెర్లిన్. భయపడ్డావా?"

"ఊఁ," అన్నాడు.

ఇరవై ఆరేళ్ళ కాపురంలో అతను అంత పొట్టిగా జవాబిచ్చింది అదే మొదలు. మార్నా సీటులో అతనికి దగ్గరగా జరిగి కూర్చుంది.