ఫ్రౌ అనే కమాండు

లేవార్డెన్‌లోని మా నిఘంటువు ఆఫీసులో ఆ ఏడాది మిగిలింది ఇద్దరమే: సంపాదకురాలు యెల్చె, ప్రూఫులు దిద్దే నేను. వీరుమ్ అనే ఊరి వైపు తీరంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బురదలోకి దిగి, ఎరపురుగులు తవ్వి జాలర్లకు అందించిన ఆడవాళ్ల మాటలు మా నిఘంటువు. బురదకే అందులో ముప్పై నాలుగు పేర్లున్నాయి. డెబ్బైల్లో ఇంటింటికీ తిరిగి ఆ మాటలను టేపుల మీద రికార్డు చేసినవాడు వీబ్రెన్. తరవాత వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, పేజీలు పేర్చడానికి కావలసిన కమాండ్లు రాసిందీ ఆయనే. రిటైరై ఆరేళ్లయింది.

మార్చిలో, అచ్చుకు ఇంకా మూడు నెలలుందనగా, నమూనా పేజీలు ఆ కుటుంబాలకు పంపాం. వారం తిరక్కుండా ఫ్రౌక్యె అనే ఆవిడ వచ్చింది. డెబ్బై ఏళ్లుంటాయి. కోటు విప్పకుండానే పేజీలు నా బల్ల మీద పరిచింది.

“మా అమ్మ ఇందులో ఎక్కడుందో చూపించండి.”

నేను వేలు పెట్టి చూపించాను. “ఇదిగోనండీ, ‘సీ. తోరెన్స్మా గారి భార్య, వీరుమ్.’ ఈ ఒక్క పేజీలోనే ఐదుసార్లుంది.”

“అది మా నాన్న పేరు. ఆయన రొట్టెలు కాల్చేవాడు. జన్మలో బురదలో కాలు పెట్టలేదు. బూటుకి కాస్త మట్టంటితే గుమ్మంలోనే ఏడుపు మొహం పెట్టేవాడు. మాటలన్నీ అమ్మవీ, పేరు ఆయనదీనా?”

యెల్చె నవ్వబోయి ఆగింది. “అమ్మగారి పేరేంటండీ?”

“బౌక్యె. బౌక్యె మైన్స్మా.”

“మారుస్తాం. నాన్నగారి పేరు తీసెయ్యమంటారా?”

“ఎందుకూ, వెనకాల ఉండనీండి. ఇంట్లో ఆయనకి అలవాటే.”

ఆవిడ వెళ్లాక మేము కంప్యూటర్లో మాటలు చెప్పినవాళ్ల చీటీలన్నీ తెరిచాం. అరవై ఒక్క మంది ఆడవాళ్లు. ఒక్కరికీ సొంత పేరు లేదు.

ఆ పేర్లు మా ఫైళ్లలో నేరుగా ఉండవు. మాట అర్థం చివర ‘ఫ్రౌ’ అనే కమాండు, దాని పక్కన చీటీ నంబరు, అంతే. ఫ్రౌ అంటే మా దగ్గర ఫలానా వారి ఆవిడ అని. పేజీలు పేర్చేటప్పుడు యంత్రం ఆ నంబరు చీటీలోంచి భర్త పేరూ ఊరూ తెచ్చి అక్కడ వేస్తుంది. అలా రెండు వేల మూడు వందల చోట్ల ఉంది. కమాండును ఒక్కచోట మారిస్తే అన్ని చోట్లా మారాలి. యెల్చె అదే చేసింది. కొత్త ఫ్రౌ ముందు ఆవిడ సొంత పేరు వెయ్యాలి, ఆ తరవాత ఫ్రౌ ఎప్పుడూ చేసే పని చెయ్యాలి. అలాగే రాసి, బౌక్యె చీటీతో నడిపించింది.

యంత్రం ఎంతసేపటికీ తేల్చలేదు. చివరికి తన జ్ఞాపకంలో ఇక చోటు లేదని చెప్పి ఆగిపోయింది.

“కొత్త ఫ్రౌ లోపల మళ్లీ ఫ్రౌ అన్నాను కదా,” అంది యెల్చె నుదురు పట్టుకుని. “అది పాతదాన్ని పిలవట్లేదు. తన్నే పిల్చుకుంటోంది. బౌక్యె, బౌక్యె, బౌక్యె అంటూ కూచుంది.”

“ఇన్నాళ్లూ ఎవరూ పిలవలేదుగా, ఆవిడకి ఆ మాత్రం బాకీ ఉన్నాం,” అన్నాను.

“జోకులు తరవాత. పాతది తీసి పారేసి మొత్తం నేనే రాస్తాను.”

రాసింది. ఈసారి పేజీలు చక్కగా వచ్చాయి. ‘బౌక్యె మైన్స్మా, సీ. తోరెన్స్మా గారి భార్య, వీరుమ్.’ ఇద్దరం మురిసిపోయాం. మర్నాడు నేను పుస్తకం చివరి ఊళ్ల పట్టిక దిద్దుతూ వీరుమ్ దగ్గర ఆగిపోయాను. ఊరి పేరుంది, పక్కన ఒక్క పేజీ నంబరూ లేదు. మిగతా ఊళ్లూ అంతే. పాత ఫ్రౌ పేరు వెయ్యడంతో ఊరుకోకుండా, ఎవరికీ కనబడకుండా ఊళ్ల పట్టికకు ఆ పేజీ నంబరు కూడా పంపుతూ ఉండేదన్నమాట. ఇంకేమేం చేసేదో మాకు తెలియదు. తెలిసినవాడు ఒక్కడే.

కబురు పెడితే వీబ్రెన్ ఎదురుగాలిలో సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

“నా కమాండ్ల మీద చెయ్యి వెయ్యమని నీకెవరు చెప్పారమ్మాయ్?”

“ఎవరూ చెప్పలేదండీ. నేనే వేశాను.”

“ఇరవై అయిదేళ్లుగా ఒక్క పేజీ తప్పు పోలేదు.”

“పేజీలు తప్పు పోలేదు వీబ్రెన్ గారూ. పేర్లు పోయాయి.” యెల్చె నెమ్మదిగానే అని, ఫ్రౌక్యె తెచ్చిన పేజీ ఆయన ముందు పెట్టింది.

ఆయన పేజీని పైనుంచి కిందిదాకా చదివాడు. తరవాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“చూడు. పాతదాన్ని ముందు ఇంకో పేరుతో దాచుకోవాలి. అప్పుడు కొత్తది రాసుకో. కొత్తది లోపల ఆ దాచిన పేరుతో పిలిస్తే పాతది తన పనులన్నీ తను చేసుకుపోతుంది.”

“నిన్న అదే చేశానండీ. ‘పాతఫ్రౌ అంటే ఫ్రౌ’ అని రాశాను. మళ్లీ గిరగిరా తిరిగింది.”

“తిరగదూ మరి! నువ్వు దాచింది దాని పేరు. పేరు దాస్తే, పిలిచినప్పుడల్లా వెళ్లి ‘ఇప్పుడు ఫ్రౌ అంటే ఎవరు?’ అని అడుగుతుంది. ఇప్పుడు ఫ్రౌ నీ కొత్తదే కదా. ఈ క్షణాన దాని లోపల ఏముందో అదంతా నకలు తీసి పెట్టుకోవాలి. దానికి వేరే కమాండుంది. నువ్వు లే, నేను చూపిస్తాను.”

ఆమె లేచి కంప్యూటరు ముందున్న కుర్చీ ఇచ్చింది. ఆయన ఒక్క వరుస కొట్టాడు. బౌక్యె పేరు వచ్చింది, వెనక భర్త పేరు వచ్చింది, పట్టికలో వీరుమ్ పక్కన నంబర్లు వచ్చాయి.

“సరే, మిగతా అరవై మంది పేర్లు?” అన్నాను.

వీబ్రెన్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. “టేపుల్లో ఉంటాయి. మొదట్లో అడిగేవాణ్ణి.”

పై గదిలోంచి టేపులు దించి, మొదటిది బౌక్యెదే పెట్టాం. గాలి చప్పుడు, కాఫీ కప్పుల చప్పుడు. అప్పటికి ఇరవై ఆరేళ్ల కుర్రవాడైన వీబ్రెన్ గొంతు హుషారుగా అడిగింది: “ఎవరితో మాట్లాడుతున్నానండీ?”

“నేను బౌక్యెని బాబూ. మైనె గారి కూతురు బౌక్యెని.”

“తోరెన్స్మా గారి భార్య అని రాసుకుంటాను.”

కొంచెం ఆగి ఆవిడ గొంతు, “నీ ఇష్టం నాయనా,” అంది.

వీబ్రెన్ టేపు ఆపాడు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “ఆవిడ చెప్పింది. చెవులారా విన్నాను కూడానూ,” అన్నాడు. తరవాత ఆయనే రెండో టేపు తీశాడు.

ఆ తరవాత నాలుగు వారాలు రోజూ ఉదయం వచ్చేవాడు. ఆయన వినేవాడు, నేను రాసేవాణ్ణి, యెల్చె చీటీల్లో ఎక్కించేది. బౌక్యెతో కలిపి యాభై ఎనిమిది పేర్లు దొరికాయి. ఇద్దరు తమ పేరు ఎక్కడా చెప్పలేదు. చుట్టాలకు ఉత్తరాలు రాసినా తేలలేదు. మిగిలింది ఇమ్క్యె. ఆవిడ టేపులో పేరు చెప్పి, వెంటనే ఇలా అంది: “నా పేరు వద్దు, అబ్బాయ్. ఆయన పడవతో పోయాడు, దొరకలేదు. పేరు చెక్కిన రాయి పెట్టుకోడానికి సమాధి కూడా లేదు. ఎక్కడో ఒకచోట ఆయన పేరు అచ్చులో ఉండనీ.”

“ఈవిడకి పాతదే ఉండాలి,” అన్నాడు వీబ్రెన్.

“ఉంటుంది,” అంది యెల్చె. కొత్త కమాండులో ఇంకో వరుస చేర్చింది: చీటీలో సొంత పేరు ఉంటే ముందది వెయ్యి, లేకపోతే పాత ఫ్రౌ ఎలా చేసేదో అలాగే చెయ్యి. ఆ ఇద్దరికీ, ఇమ్క్యెకీ అదే సరిపోయింది.

పుస్తకం జూన్‌కు బదులు ఆగస్టులో వచ్చింది. ఆలస్యానికి మా మీద పైనుంచి ఒక కోపపు ఉత్తరం కూడా వచ్చింది. ఫ్రౌక్యెకు ప్రతి ఇవ్వడానికి నేనూ వీబ్రెనూ వీరుమ్ వెళ్లాం. ఆవిడ అల్లం రొట్టె మీద వెన్న దట్టంగా పూసి మా ముందు పెట్టి, కళ్లజోడు వెతుక్కుని పుస్తకం తెరిచింది. అమ్మ పేరు మీద వేలు ఆనించి కాసేపు అలాగే ఉంచింది. తరవాత ఆ వేలే పై వరుసకు వెళ్లింది.

“ఇది తప్పు.”

“ఏదండీ?” వీబ్రెన్ ఉలిక్కిపడ్డాడు.

“ఈ మాటకి జారుడు బురద అని రాశారు. కాదు. బురదలో దిగబడ్డ బూటు పైకి లాగితే వస్తుందే చప్పుడు, అదీ. పక్కింట్లో ఎవర్నడిగినా చెప్తారు.”

వీబ్రెన్ జేబులోంచి పెన్సిలు తీశాడు. పుస్తకం అంచున రాసుకుని, తలెత్తి అడిగాడు.

“మీరు చెప్పారని వేస్తాం. పేరు ఎలా వెయ్యమంటారు?”

ఆవిడ వెన్న కత్తి పక్కన పెట్టి, ఒక్కో అక్షరమే చెప్పసాగింది.