అద్దాలాయన ఇంట్లో పొడుగుపిల్ల

ఈ బేరానికి దిగేనాటికి అద్దాలాయన చేతిలో ఉన్నది ఇంతే: పన్నెండడుగుల వెడల్పు గాజు దుకాణం, ఆయన తండ్రి కాలం నుంచీ అందులో గాజు కోస్తున్న పెద్దమేస్త్రి, మొగుడు నోరు తెరవకముందే ఆ మాట వెనకాల లెక్కేమిటో చెప్పేసే భార్య, ఎక్కడికైనా పోయి లోకం చూసొస్తానని కాల్చుకుతింటున్న పదిహేడేళ్ల కూతురు, మేడమీద పాత ఫ్రేములతో నిండిపోయిన గది ఒకటి.

కాలేజీ నోటీసు బోర్డు మీద చూసి కూతురే తెచ్చింది ఆ కాగితం. దూరదేశపు పిల్లను ఆరునెలలు మన ఇంట్లో ఉంచుకుంటే, తరవాత ఆరునెలలు మన పిల్ల వాళ్లింట్లో ఉంటుంది. అద్దాలాయన రెండుసార్లు చదివాడు.

"ఇది మనకు తెలిసిన వ్యాపారమేనే. సరుకు తెచ్చుకోవడం, చెక్కుచెదరకుండా తిరిగి అప్పజెప్పడం."

"ఆడపిల్లల్ని పట్టుకుని సరుకంటారా! మీ నాలిక్కి నరం లేదండీ," అంది భార్య. అంటూనే మేడమీది గది ఊడవడానికి చీపురు అందుకుంది.

వచ్చిన పిల్ల ద్వారబంధానికి తల తగిలించుకుంటూ లోపలికొచ్చింది. అంత పొడుగు. వీధి వీధంతా ఆ సాయంత్రానికే "పొడుగుపిల్ల" అని పేరు పెట్టేసింది. రాకముందు ఒక ఏడాది మన భాష నేర్చుకుందిట, మాటలు పుస్తకంలోంచి ఒక్కొక్కటే తీసి బల్లమీద పెట్టినట్టు మాట్లాడేది. బాబాయ్, పిన్నీ అని పిలవమని ఇల్లాలే నేర్పింది.

అద్దాలాయన ఆ పిల్లను ఎలా చూసుకున్నాడంటే, కాలు కింద పెట్టనివ్వలేదు. మంచి కుర్చీ ఆమెకే. ఆమె లేచీ లేవగానే పక్క సర్దేయించేవాడు. కంచం తీయబోతే "వద్దమ్మా, వద్దు" అని లాక్కునేవాడు. కత్తిపీట వైపు వెళితే పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడేవాడు. దుకాణానికి వస్తానంటే, "అమ్మో, అదంతా గాజు," అని చేతులడ్డం పెట్టేశాడు. పిల్ల మేడమీద కిటికీ దగ్గర కూర్చుని వీధిని చూసేది. నాలుగో వారానికి అన్నం సగం వదిలేయడం మొదలుపెట్టింది.

ఆ వారం చివర్లో ఈ పిల్లల మార్పిడి కార్యక్రమం చూసుకునే మేడమ్ ఫోన్ చేసింది. "మీ అతిథి ఇల్లు మార్చమని అడిగిందండీ. కారణం చెప్పడం లేదు. వచ్చే శనివారం నేనొచ్చి మాట్లాడతాను. ఆ అమ్మాయి వెళ్తానంటే పంపాల్సిందే. అప్పుడు మీ అమ్మాయి సీటు కూడా ఆ కొత్త ఇంటివాళ్లకే పోతుంది. నిబంధన అది."

అద్దాలాయన ఫోన్ పెట్టేశాడు. కూతురికి చెప్పక తప్పలేదు. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. పెట్టెలో సగం సర్దుకుని ఉంచుకున్న బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్లీ అలమారలో పెట్టుకోవడం మొదలెట్టింది. ఆ మడతపెట్టే చేతుల్ని చూడలేక ఆయన మేడెక్కాడు.

"ఏం తక్కువైందమ్మా మా ఇంట్లో? ఉన్నదున్నట్టు చెప్పు. బాబాయ్ ఏమీ అనుకోడు."

పొడుగుపిల్ల మాటలు ఒక్కొక్కటే ఏరుకుంటూ చెప్పింది. "ఏమీ తక్కువ కాలేదు బాబాయ్. అన్నీ ఎక్కువ అయ్యాయి. మా నాన్న సైకిళ్లు బాగుచేస్తాడు. నేను చక్రాలు ఊడదీస్తాను, తమ్ముళ్లకు వండుతాను. అక్కడ నేను లేకపోతే పని ఆగుతుంది. ఇక్కడ నేను ఉన్నా లేకపోయినా ఏమీ మారదు."

వ్యాపారస్తుడికి ఆ మాట నేరుగా తగిలింది. అలమారలో ఊరికే పడున్న సరుకంటే ఆయనకు జన్మలో గిట్టదు.

మర్నాడు దుకాణానికి తీసుకెళ్లాడు. తీసుకెళ్లి ఏం చేశాడు? ఫ్యాను కింద కుర్చీ వేసి కూర్చోబెట్టాడు! అలవాటు అంత తొందరగా పోతుందా. ఇంతలో బండి మీంచి కొత్త గాజు షీట్లు దిగాయి. పెద్దమేస్త్రి ఒక్కడే రెండో మనిషి కోసం చూస్తున్నాడు. పొడుగుపిల్ల చటుక్కున లేచి అవతలి అంచు పట్టుకుని, బల్ల ఎత్తినట్టు షీటును అడ్డంగా ఎత్తబోయింది.

"ముట్టుకోకు!" అద్దాలాయన కేక వేశాడు.

"నువ్వాగు అబ్బాయ్," అన్నాడు మేస్త్రి. ఆయనకు ఈయన ఇంకా అబ్బాయే. "అమ్మాయ్, గాజును పడుకోబెట్టి ఎత్తితే దాని బరువుకదే విరుగుతుంది. నిలబెట్టు. నిలువునా నిలబెడితే ఎంత దూరమైనా మోయచ్చు. ఆఁ, అలాగే. ఇప్పుడు నడు."

షీటు నిలువుగా లేచింది. అటు మేస్త్రి, ఇటు పొడుగుపిల్ల, పన్నెండడుగుల దుకాణంలో కలిసి అడుగులు వేసుకుంటూ చివరి స్టాండు దాకా వెళ్లారు. అద్దాలాయన ముప్పై ఏళ్లుగా గాజును ఎప్పుడూ పడుకోబెట్టి ఉంచలేదు. ఈ పిల్లను మాత్రం నాలుగు వారాలు పడుకోబెట్టినట్టే ఉంచాడు. వెళ్లి ఆ కుర్చీ మడిచి గోడకు ఆనించేశాడు.

మంగళవారం నుంచి మేస్త్రి గాజు కోసే కట్టర్ చేతికిచ్చాడు. "కొలబద్ద ఆనించు. ఒక్కటే గీత. మధ్యలో ఆగకు, గీసిన చోట మళ్లీ గీయకు. అనుమానం వచ్చిందా, గాజుకు తెలిసిపోతుంది." మొదటి రోజు ముక్కలు వంకరటింకరగా విరిగాయి. రెండో రోజు తక్కువ విరిగాయి. నిచ్చెన లేకుండా పై అరలోంచి ఫ్రేములు దించుతుంటే కొనడానికొచ్చినవాళ్లు కొనడం మానేసి చూశారు. కాలేజీ అయ్యాక కూతురు కూడా వచ్చి, "మేస్త్రిగారూ, ఇన్నేళ్లలో నాకెప్పుడూ నేర్పలేదేం?" అని తగులుకుంది.

"నువ్వెప్పుడు అడిగావమ్మా? ఈ దుకాణంలోకి అడుగుపెడితే ముక్కు మూసుకునేదానివి."

గురువారం పొడుగుపిల్ల బొటనవేలు తెగింది. పెద్ద గాయం కాదు, రెండు కుట్లు. కానీ అతిథికి చిన్న దెబ్బ తగిలినా అదే రోజు మేడమ్‌కు చెప్పాలని కాగితంలో ఉంది.

"చెప్పొద్దు బాబాయ్," అంది పొడుగుపిల్ల. "చిన్న కట్టు కట్టుకుని చెయ్యి జేబులో పెట్టుకుంటాను."

కూతురు తండ్రి మొహం చూసింది. చెప్పొద్దనలేదు, చెప్పమనీ అనలేదు. భార్య మాత్రం, "లెక్క వేసుకుంటున్నారా?" అంది.

నిజమే, వేసుకుంటున్నాడు. చెబితే సీటు పోవచ్చు. దాస్తే శనివారం దాకా గడిచిపోవచ్చు. కానీ ఇన్నేళ్లలో పగులు చూపించకుండా పగిలిన పలక ఒక్కటీ అమ్మినవాడు కాదు. పగులు చూపించి తక్కువకిచ్చాడే గానీ, కాగితం చుట్టి అంటగట్టలేదు. ఈ ఒక్కదానికి ఆ పేరు పోగొట్టుకోనా అనుకుని ఫోన్ తీశాడు. "మేడమ్, మా పిల్ల వేలు తెగింది. గాజు కోస్తుంటే. కోయనిచ్చింది నేనే," అన్నాడు.

"శనివారం వస్తాను," అని మేడమ్ ఫోన్ పెట్టేసింది.

శనివారం మేడమ్ వచ్చేసరికి అద్దాలాయన దుకాణం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపల పొడుగుపిల్ల కట్టున్న వేలు పైకి లేపి పట్టుకుని, మిగతా వేళ్లతో బద్ద అదిమి, ఒక గీత గీసింది. అంచు బల్ల బయటికి జరిపి విరిచింది. టక్కున రెండైంది. తెగిన అంచు నున్నగా, తిన్నగా ఉంది. మేస్త్రి కళ్లజోడు పైకి జరిపి చూసి, "ఊఁ," అన్నాడు. ఆయన నోట ఆ "ఊఁ" రాబట్టడానికి అద్దాలాయనకు కుర్రతనంలో రెండేళ్లు పట్టింది.

"నీకు ఇక్కడ ఇబ్బందిగా ఉందన్నావు కదమ్మా," అంది మేడమ్.

"అప్పుడు ఉంది. ఇప్పుడు లేదండీ, ఇల్లు మార్చొద్దు. సోమవారం ఇరవై ఫ్రేములు ఇవ్వాలి. నేను వెళ్తే మేస్త్రిగారు ఒక్కరే అయిపోతారు."

మేడమ్ కాగితం మీద ఏదో కొట్టేసి, అద్దాలాయన వైపు తిరిగింది. "చేతి తొడుగులు కొనండి. వాటి ఫొటో నాకు పంపండి. దెబ్బ సంగతి మీరే చెప్పారు కాబట్టి ఇంతటితో సరిపెడుతున్నాను. ఇంకొకరి నోట విని ఉంటే ఆ రోజే తీసుకెళ్లిపోయేదాన్ని."

మిగతా అయిదు నెలలూ ఎలా అయిపోయాయో తెలీలేదు. పొడుగుపిల్ల వెళ్తూ వెళ్తూ మళ్లీ ద్వారబంధానికి తల కొట్టుకుంది. అందరూ నవ్వారు, ఇల్లాలు నవ్వుతూనే కొంగు కళ్లకు అద్దుకుంది. పై వారమే కూతురు అటు బయల్దేరింది.

పది రోజులకు ఫోన్. "నాన్నా, వీళ్లు నన్ను ఏమీ ముట్టుకోనివ్వడం లేదు. పొడుగక్కేమో పరీక్షలకని ఊరెళ్లింది. నాకు వచ్చేయాలనుంది."

"వాళ్ల నాన్న సైకిల్ బాగుచేస్తుంటే వెళ్లి అవతలి పక్క పట్టుకో. అడక్కు. పట్టుకో."

నాలుగు రోజులకు మళ్లీ ఫోన్ వచ్చింది, ఈసారి ఫొటో. మోచేతుల దాకా నూనె నలుపు, చేతిలో ఊడదీసిన చక్రం. ఇంట్లో చీపురు పట్టుకోమంటే మూతి ముడిచే పిల్ల! భార్య ఆ ఫొటో వీధంతా తిప్పింది.

ఇక చివరి లెక్క. పోయింది: నేర్చుకోవడంలో విరిగిన గాజు ఒక గంపెడు, ఒక బొటనవేలి మీద మచ్చ, పొడుగుపిల్ల లేక మళ్లీ బయటికి తీయాల్సొచ్చిన నిచ్చెన. వచ్చింది: తన చేతిపని తనతోనే పోతుందని ముప్పై ఏళ్లు గొణిగిన మేస్త్రి దగ్గర ఇప్పుడు సాయంత్రంపూట వడ్రంగి కూతురు, మందులషాపతని కొడుకు కట్టర్ పడుతున్నారు. వీధిలో ఇంకో మూడు ఇళ్లవాళ్లు మేడమ్‌కు పేర్లిచ్చారు. మేడమీది గదిలోకి పాత ఫ్రేములు మళ్లీ ఎక్కలేదు, ఇల్లాలు ఎక్కనివ్వలేదు. దూరదేశంలో ఒక సైకిళ్ల షెడ్డులో, ఆయన కూతురు లేని రోజు పని కొంచెం ఆగుతుంది. ఇక్కడ, ఆయన దుకాణంలో, ఫ్యాను కింద ఆ కుర్చీ ఇంకా మడిచే ఉంది.