తువ్వాలంత లోటు

తొట్టిలో తువ్వాలు మడిచి వేసి, ముల్లు కదలడం మానేదాకా చూసి, అప్పుడు బిడ్డను పడుకోబెట్టింది సిస్టరు. ఆ త్రాసు పుట్టుకతోనే మొండిఘటం. తొట్టి ఖాళీగా ఉంటే దాని ముల్లు సున్నాకు కిందికి జారి, అలిగిన కోడలిలా ఓ మూలకు ముడుచుకు కూర్చుంటుంది. బాగు చేయించమని ఆసుపత్రి పెద్దలకు చెప్పి చెప్పి నోరు నొప్పెట్టాక, ఆమే ఒక ముతక తువ్వాలు వెతికి, అంచు కొంచెం కొంచెం కత్తిరించి, ఆ లోటుకు సరిగ్గా సరిపోయేలా చేసుకుంది. దాన్ని చాకలికి కూడా వేయదు. తడి ఆరకుండా తొట్టిలో వేశారంటే ఆ రోజు పుట్టిన పిల్లలందరూ లెక్కల్లో మల్లయోధులైపోతారని ఆమె భయం.

"ఎంతుంది సిస్టరమ్మా?" అడిగింది మంచం మీది పచ్చి బాలెంత.

"బాగానే ఉంది. రాత్రి నువ్వు నన్ను తిట్టిన తిట్లన్నీ తాగి బలిసింది నీ కూతురు."

బాలెంత సిగ్గుపడి నవ్వింది. "మళ్ళీ కాన్పుకు కూడా నీ దగ్గరికే వస్తా. తిట్లు దాచిపెట్టుకుంటాలే."

సిస్టరు తల వంచుకుని బిడ్డను గుడ్డలో చుట్టింది. మందునీళ్ళలో నాని నాని తెల్లబడిన వేళ్ళు, రొమ్ము మీద పిన్నుతో తగిలించిన గడియారం, చెప్పుల్లో పట్టని వాచిన పాదాలు. పెళ్ళికి ముందు నుంచీ ఈ వార్డులోనే ఉంది. ఊరంతా ఆమెను సిస్టరనే పిలుస్తుంది. మొగుడు కూడా ఒకసారి పరాకున అలాగే పిలిచి, బావమరిది చేత నెలంతా నవ్వించుకున్నాడు.

ఆ వార్డు మీద కత్తి వేలాడుతోంది. దేశానికి లోటు పెరిగిందట, దాన్ని సున్నాకు దించుతామని ప్రభుత్వం గోడగోడకూ రాయించింది. దించడానికి దానికి దొరికినవాటిలో పురిటివార్డొకటి. ఇది మూస్తే తర్వాతి ఆసుపత్రికి రెండు బస్సులు మారాలి. నొప్పులు బస్సు టైముకు వస్తాయా? అభ్యంతరాలుంటే రాసివ్వండి, ఇవాళ సాయంత్రం దాకా పుచ్చుకుంటామన్నారు. మళ్ళీ అందులో మెలికొకటి. ఉద్యోగులు రాయకూడదు. రిజిస్టరైన సంఘం రాయాలి, ఆ సంఘం నియమం ప్రకారం సంతకాలుండాలి.

సంఘానికేం కొదవ! ఆమె ఇంటివాళ్ళదే ఒకటుంది. లోటు గురించి, ధరల గురించి, కూలివాడి కష్టం గురించి చర్చించే వామపక్ష అర్థశాస్త్రవేత్తల వేదిక. అధ్యక్షుడు ఆమె మొగుడు. కార్యదర్శి ఆమె అన్న. ఒకరికి తెలియకుండా ఒకరు ఏం రాసేస్తారోనన్న అనుమానంతో, ఏ కాగితం మీదైనా ఇద్దరి సంతకాలూ ఉండాలన్న నియమం పెట్టుకున్నదీ వాళ్ళే.

మొగుడికి వేదికలో 'టంకశాల' అని పేరు. సొంతంగా నోటు కొట్టుకునే ప్రభుత్వానికి డబ్బు లేకపోవడమేమిటన్నది ఆయన వాదం. అన్నను 'ఇనప్పెట్టె' అంటారు. డబ్బంతా ధనికుల ఇనప్పెట్టెల్లో ఉంది, అది పగలగొట్టనిదే ఏదీ జరగదంటాడు. ఒకరికొకరు బావలే కాబట్టి ఎవరూ తగ్గరు. వాళ్ళు మొదలుపెడితే గోడమీద బల్లి కూడా ఎటు పాకితే ఎవరి పక్షమనుకుంటారోనని ఉన్నచోటే ఉండిపోయేదట.

ఒకప్పుడు సిస్టరుకు ఆ గొంతులంటే ప్రాణం. ఆకలి తలరాత కాదు, ఎవరో చేసిన పని అని ఆయన మొదటిసారి అన్నప్పుడు ఆమె ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ ఒక్క మాటకే పెళ్ళి చేసుకుంది. పిల్లలు వద్దు, మన పత్రికే మన బిడ్డ అన్నాడాయన. ఆ బిడ్డకు తల నెరిసినా పాలు మానలేదు. ప్రతి నెలా సిస్టరు జీతం తాగుతూనే ఉంది.

మధ్యాహ్నం డ్యూటీ దిగి, మూడంతస్తుల మెట్లెక్కి, వేదిక గదికి వెళ్ళింది. కింద అచ్చాపీసు. అచ్చాపీసాయన గది గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"అమ్మా, మీ వార్డు అభ్యంతరం అంతా టైపు చేసేశాను. మొదటి వాక్యం ఒక్కటే తేలాలి. పొద్దుట్నుంచీ కూర్చున్నా."

గదిలో పొగ, చల్లారిన టీ, ఇద్దరు బావలు. ఇద్దరి మధ్యా బల్ల మీద ఆ కాగితం.

"'డబ్బు లేదనడం పచ్చి అబద్ధం.' ఇదే మొదటి వాక్యం," అన్నాడు టంకశాల. "నర్సులున్నారు, మంచాలున్నాయి, మందులున్నాయి. ఇవి లేకపోతే లేమి అందాం. అంకె తక్కువైతే లేమి ఎలా అవుతుంది బావా? బావి తవ్వినవాడే గుక్కెడు నీళ్ళకు ఏడ్చినట్టు!"

"అలా రాస్తే ఇనప్పెట్టెలవాళ్ళు చప్పట్లు కొడతారు బావా. డబ్బుకు కొదవ లేనప్పుడు మేమెందుకు పన్ను కట్టాలి అంటారు. ఆ లోటుకు అప్పిచ్చేదెవరు? వాళ్ళే. వడ్డీ తినేదెవరు? వాళ్ళే. 'ధనికుల దగ్గర వసూలు చేయలేదు కనకే డబ్బు లేదు.' ఇలా రాయండి."

"అంటే డబ్బు లేదని ఒప్పుకున్నట్టేగా! వాళ్ళ మాటే మన కాగితం మీద!"

"ఒప్పుకోవడం కాదు, కారణం చెప్పడం!"

ఇద్దరి మాటలోనూ నిజముంది. ఆమె కడుపు మండిందీ అందుకే. మూర్ఖులైతే చీపురు తిరగేసి చెప్పి ఉండేది.

"మొదటి వాక్యం తీసేయండి," అంది. "'వార్డు మూయొద్దు' అని రాయండి. చాలు."

బావలిద్దరూ ఒక్కసారి తలెత్తారు. "సిద్ధాంతం లేకుండానా?" అన్నారు ఒకే గొంతుతో. ఆ రోజు వాళ్ళకు కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

మళ్ళీ మొదలెట్టారు. పాత సభల్లో ఎవరెవరు ఏమన్నారో తవ్వారు. రెండు వాక్యాలూ కలిపి ఒకటి చేశారు, అందులో 'ఉన్న డబ్బు' అనాలా 'ఉండవలసిన డబ్బు' అనాలా అని విడదీశారు. ఇనప్పెట్టె ఫుట్‌నోట్ కావాలన్నాడు. ఫుట్‌నోట్ పెడితే రాజీనామా ఇస్తానన్నాడు టంకశాల. కిటికీలో ఎండ బల్ల దిగి, నేల మీద పాకి, ఎదుటి గోడెక్కింది. సిస్టరు రొమ్ము మీది గడియారం చూసుకుంది. లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీ ఇద్దరి చేతిలో ఒక నొప్పులమనిషిని పెడితే తల ముందు రావాలని ఒకరు, కాళ్ళు ముందు రావాలని ఒకరు కొట్టుకుంటారు. లోపలి బిడ్డ లోపలే పెళ్ళీడుకొస్తుంది. నా జీతంతో టీ తాగారు, నా జీతంతో పత్రిక వేశారు. ఏనాడైనా లెక్కడిగానా? ఇప్పుడడుగుతున్నాను. సంతకాలు పెట్టండి."

"వాక్యం..." అన్నాడు అన్న.

"ఖాళీగా వదిలెయ్ అన్నయ్యా!"

ఆమె అరవడం వాళ్ళెప్పుడూ వినలేదు. అన్న పెట్టాడు. మొగుడు కళ్ళజోడు సర్దుకుని, "తర్వాత నింపుదాంలే," అంటూ పెట్టాడు. ఆ తర్వాత నింపేది తన వాక్యమేనని ఇద్దరికీ నమ్మకం.

వాచిన కాళ్ళతో ఆమె బజారుకడ్డంగా పడి పరిగెత్తింది. అన్ని కాన్పులు చేసిన మనిషి, అందరికీ 'ఊపిరి పీల్చు' అని చెప్పిన మనిషి, ఊపిరందక, అభ్యంతరాలు పుచ్చుకునే ఆఫీసు మెట్ల మీద కూలబడింది. కిటికీ మూసి ఉంది. గుమస్తా తాళం వేస్తున్నాడు.

"ఇప్పుడే పంపేశామండీ పైకి," అన్నాడు.

"ఏం పంపారు?"

"వార్డు సంగతే. అభ్యంతరాలేమీ రాలేదని."

ఆమె చేతిలో కాగితం ఉంది. కింద రెండు సంతకాలు, పైన ఖాళీ.

వెనకనుంచి రొప్పుతూ బావలిద్దరూ వచ్చారు. "మీ ఫుట్‌నోట్ వల్లే!" అన్నాడు టంకశాల. "మీ పచ్చి అబద్ధం వల్లే!" అన్నాడు ఇనప్పెట్టె. గుమస్తా తాళంచెవి జేబులో వేసుకుంటూ, ఇదేం గొడవో అర్థంకాక ఇద్దరినీ చూశాడు.

సిస్టరు కాగితం నాలుగు మడతలు పెట్టి మొగుడి జేబులో దోపింది.

"ఇద్దరూ గెలిచారు. ఇంటికెళ్ళి వండుకు తినండి," అని వార్డు వైపు నడిచింది.

ఆ నెల పత్రిక ఎప్పటికంటే లావుగా వచ్చింది. పురిటివార్డు మూతలో ఎవరి సిద్ధాంతం నెగ్గిందన్న దాని మీద ఇద్దరూ చెరిసగం రాశారు. వార్డులో నర్సు పేరు ఎక్కడా లేదు.

ఆమెకు దూరపు ఊరు వేశారు. ఒక్క పెట్టె సర్దుకుంది. మొగుడు గుమ్మంలో నిలబడి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"మీ మొదటి వాక్యం కుదిరాక కబురు చేయండి. వస్తాను."

దారిలో వార్డు దగ్గర ఆగింది. మంచాలు, పరుపులు, దీపాలు అప్పటికే బండెక్కిపోయాయి. త్రాసు మాత్రం పాడైందని కాగితంలో ఉందట, వదిలేశారు. ఆమె తన తువ్వాలు తీసి పెట్టెలో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళింది. ఎందుకనో వెనక్కొచ్చి, పెట్టె తెరిచి, తువ్వాలు మళ్ళీ తొట్టిలో వేసి, అంచులు సర్ది వెళ్ళిపోయింది.

ఖాళీ గదిలో, ఏ బిడ్డా లేని ఆ తొట్టి మీద, ముల్లు సరిగ్గా సున్నా దగ్గర నిలబడి ఉంది.