సిగ్రూన్ అని పిలిస్తే

ఆ పొద్దున అమెరికాలోని బెంటన్‌విల్ మీద ఆకాశం ఆరిన పొయ్యిలో బూడిదలా కదలకుండా ఉంది. కురవదు, విడవదు. లోపల పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. రాత్రి నుంచీ పాలు ముట్టలేదు. మధ్యాహ్నానికీ తాగకపోతే తీసుకొచ్చి అడ్మిట్ చేయమన్నాడు డాక్టర్.

పిల్ల తల్లి హాసినికి పిన్ని అయిన సుబ్బులు ఉయ్యాల పక్కనే కూర్చుంది. "పోయినవాళ్ళెవరో తమ పేరు పెట్టమంటున్నారు బాబూ," అంది పిల్ల తండ్రి తేజేశ్వర్‌తో. తమవైపు పోయిన ఆడవాళ్ళ పేర్లన్నీ పిల్ల చెవిలో చెప్పింది. అతని చేత అతనివైపు పేర్లూ చెప్పించింది. ఏడుపు ఆగలేదు.

"సిగ్రూన్ ఆంటీ ఉందిగా," అంది హాసిని.

పక్కింటి ముసలావిడ. నొప్పులొచ్చిన రోజు రోడ్డంతా ఐసు కట్టి ఉంటే, తనే డ్రైవ్ చేసి హాసినిని హాస్పిటల్‌లో చేర్చింది. పిల్లను ఎత్తుకుని ముద్దాడింది. ఆ వారమే నిద్రలో పోయింది.

"ఆ పేరు పిలవాలంటే నేను పళ్ళు కట్టించుకోవాలే," అంది సుబ్బులు.

హాసిని నవ్వలేదు. వంగి, పిల్ల చెవిలో పిలిచింది.

ఏడుపు టక్కున ఆగింది. పిల్ల కళ్ళు విప్పి, తల్లి భుజం మీదుగా, ఎవరూ లేని గుమ్మంవైపు చూసింది. తరవాత పాలు తాగింది.

ఆవిడ ఇంటివాళ్ళను అడక్కుండా ఆ పేరు పెట్టడం తప్పనిపించి తేజేశ్వర్ పక్కింటికి వెళ్ళాడు. ఆవిడ భర్త హారల్డ్ అంతా విన్నాడు.

"మా నార్వేవాళ్ళ పాత కథల్లో వీరవనిత పేరది," అన్నాడు. "చచ్చిపోయిన మొగుడు ఒక రాత్రి తన సమాధికి తిరిగొస్తే, లోపలికి నడిచెళ్ళి అతని పక్కనే పడుకుంది. మర్నాడూ కాచుకుంది. అతను మళ్ళీ రాలేదు. ఆ దిగులుతోనే పోయింది. మళ్ళీ పుట్టిందనీ అంటారు."

"మీరు నమ్ముతారా?"

"మా ఆవిడ నమ్మేది. నేను ఎగతాళి చేసేవాణ్ణి."

"మీరు వద్దంటే మానేస్తాం సర్."

"వద్దంటే మళ్ళీ ఏడుస్తుందిగా," అంటూ కోటు తీసుకున్నాడు.

వాళ్ళింట్లో పిల్లను చేతుల్లోకి తీసుకున్నాక హారల్డ్ పెదవులు కదిలాయి గాని పేరు రాలేదు. రెండోసారి పిలిచాడు. పిల్ల అతని ముఖంకేసి కాసేపు, బాగా తెలిసిన మనిషిని చూసినట్టు చూసి, నిద్రపోయింది.

"ఆ పేరే ఉంచండి," అన్నాడు.

సుబ్బులు వేడన్నంలో ముద్దపప్పు వేసి నెయ్యి వడ్డించింది. హారల్డ్ వాళ్ళను చూసి చేత్తోనే కలుపుకున్నాడు. నలుగురూ తలలు వంచుకుని తిన్నారు.