పురుగుమందు పుస్తకం

కొట్లాట కేసులో శిక్షపడి జిల్లా జైల్లో ఉన్న యేసుపాదాన్ని చూడటానికి ఆ ఆదివారం భార్య రెబ్కా వచ్చింది. కొంగున ముడేసుకొచ్చిన పత్తి ఆకొకటి ఇనప వల కంతలోంచి లోపలికి తోసింది. ఆకు అడుగున తెల్లదోమ, పైన జిగురు. కౌలు చేను. అది పోతే వాళ్లకింకేం లేదు. ఏ మందు కొట్టినా దోమ చావడం లేదని, కొట్టిన రోజల్లా తల తిరుగుతోందని చెప్పింది.

యేసుపాదానికి జైలు లైబ్రరీ గుర్తొచ్చింది. లైబ్రరీ అంటే ఒక ఇనప బీరువా. పుస్తకాలిచ్చే పని రోశయ్య అనే ఖైదీది. అందులో పత్తి పురుగుల మీద, మందుల మీద ఒక పుస్తకం ఉండేది. అయిదో తరగతి చదువుతోనే యేసుపాదం కూడబలుక్కుంటూ సగం దాకా చదివాడు కూడా. ఇంతలో ఎవడో ఖైదీ ఫినాయిలు తాగబోయాడు. జైలరుగారు బెదిరిపోయి, విషాల పేర్లున్న పుస్తకం ఖైదీల చేతిలో ఉండకూడదని దాన్ని తన బల్లసొరుగులో పెట్టి తాళం వేశారు. చిలకలూరిపేటలో ఏ కొట్టుకెళ్ళినా ఆ విషం డబ్బాలకు డబ్బాలు దొరుకుతుంది. దాని గురించి చెప్పే పుస్తకానికేమో తాళం! ఇదీ మనవాళ్ల జాగ్రత్త.

యేసుపాదం వెళ్ళి జైలరుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మీ ఎదురుగానే కూర్చుని చదువుకుంటానన్నాడు.

"మందు నాక్కాదు సార్, చేనుకి."

జైలరుగారు చెడ్డవారు కాదు. పై ఆఫీసుకు రాస్తానన్నారు, రాశారు కూడా. అందాకా చదువుకోమని నీతికథల పుస్తకం ఇచ్చారు.

తర్వాతి ములాఖత్‌కి రెబ్కా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొట్టువాడు రెండు మందులు కలిపి కొట్టమన్నాడట. కూలీలు దొరక్క తనే పంపు వీపున వేసుకుంటోందట.

"పుస్తకం ఇస్తారంట. చదివి చెప్తా. అందాకా ఆగవే," అన్నాడు.

"నేనాగుతా. దోమ ఆగుద్దా?" అని నవ్వి వెళ్ళిపోయింది.

ఆ పై ఆదివారం రెబ్కా రాలేదు, ఆమె అన్న జక్రయ్య వచ్చాడు. మిట్టమధ్యాహ్నం గాలికి ఎదురెళ్ళి మందు కొడుతూ, పంపు వీపున ఉండగానే సాలులో పడిపోయిందని, ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయిందని, సమాధి కూడా చేసేశామని చెప్పి వల పట్టుకుని ఏడ్చాడు. ఆ తర్వాత యేసుపాదానికి అన్నం సహించలేదు.

జైలరుగారే స్వయంగా పుస్తకం తెచ్చి అతని ఒళ్ళో పెట్టారు. ఆర్డరు వచ్చిందో లేదో ఎవరూ అడగలేదు. అతను చదవని సగంలో, చిట్టచివరి పేజీలో ఉంది. గాలి వీపుకి తగిలేలా నిలబడాలని, ఎండలో కొట్టకూడదని, ముక్కుకీ మూతికీ గుడ్డ కట్టుకోవాలని. అది దోమ సంగతి కాదు, మనిషి సంగతి. ఆ పేజీ మీద తల పెట్టి గొల్లుమన్నాడు.

మళ్ళీ ఆదివారానికి రోశయ్య భార్య నాంచారమ్మ దర్శి నుంచి వచ్చింది. వాళ్లదీ పత్తి చేనే. యేసుపాదం వార్డరును బతిమాలుకుని వల దగ్గరికొచ్చాడు.

"అమ్మా, గాలికి ఎదురెళ్ళి మందు కొట్టబాక. మూతికి గుడ్డ కట్టుకో. ఎండలో అసలొద్దు."

నీకెట్టా తెలుసన్నా అని ఆమె అడిగింది.

"పుస్తకంలో రాశారమ్మా," అన్నాడు. "మా రెబ్కాకి చెప్దామనుకున్నా."